నా గీతల పిచ్చి

పాత ఉత్తరాల డబ్బా కనిపిస్తే ఎవరి కన్నైనా ముందు కవరు కుడి మూలకే పోతుంది. స్టాంపు ఉండేది అక్కడే మరి. నాకు మాత్రం స్టాంపు ఏదైనా ఒకటే. దాని మీద అడ్డంగా పడిన గీతలు, ఆ గీతలకు ఎడమ పక్కన గుండ్రంగా ఉండే తేదీ ముద్ర, ఈ రెండూ చాలు. అవి చేత్తో కొట్టినవా, మిషను కొట్టినవా? మిషనైతే ఎవరి మిషను? ఏ ఏడాది? ఇదే నా వ్యవహారం. మా ఆయన దీనికి గీతల పిచ్చి అని పేరు పెట్టాడు. ఇంటికి ఎవరైనా భోజనానికొస్తే "మా ఆవిడ గీతలు చూపిస్తుంది, త్వరగా తినేసి బయల్దేరండి" అని ముందే హెచ్చరిస్తాడు.

మేముండేది బోస్టన్ దగ్గర. మిషను ముద్రల పిచ్చి పట్టడానికి ఇంతకంటే మంచి ఊరు లేదు. అమెరికాలో ఉత్తరాల మీద మిషనుతో ముద్ర వేయడం గట్టిగా నిలబడింది ఇక్కడే, 1876లో. థామస్ లెవిట్ అనే ఆయన, ఆయన సోదరుడు మార్టిన్ కలిసి తయారుచేసిన మిషన్లు అవి. దానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1857లో, లండన్‌లో పియర్సన్ హిల్ ఒక మిషను పెట్టి చూశాడు. ఒక పెన్నీకే ఉత్తరం చేరే పెన్నీ తపాలా తెచ్చిన రోలండ్ హిల్ కొడుకే ఈయన. ఆ లండన్ ప్రయోగాల ముద్రలు నా జీతానికి అందేవి కావు. కాబట్టి వాటి గురించి చదువుకోవడమే తప్ప ఆశ పడను.

అసలు మిషను ఎందుకు అవసరమైందో చెప్పాలి. స్టాంపు మీద సిరా పడకపోతే దాన్ని ఊడదీసి మళ్ళీ అంటించేస్తారని తపాలా వాళ్ళ భయం. అందుకే ప్రతి స్టాంపునూ పాడుచేయాలి. పాడుచేసేది ఒక దెబ్బ, తేదీ వేసేది ఇంకో దెబ్బ అయితే చేతులు పడిపోతాయని రెండింటినీ ఒకే పిడికి బిగించి ఒకే దెబ్బకు పడేలా చేశారు. కొన్నాళ్ళు అదే నడిచింది. 1873 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఒక సెంటు పోస్టుకార్డు తెచ్చింది. ఉత్తరానికి మూడు సెంట్లు, కార్డుకు ఒకటే. వ్యాపారులంతా కార్డుల మీద పడ్డారు. సరుకు అందింది, సరుకు అందలేదు, మా మనిషి గురువారం వస్తాడు, ఇలాంటివన్నీ కార్డుల మీదే. సాయంత్రం అయ్యేసరికి పెద్ద పోస్టాఫీసుల్లో కుప్పలు కుప్పలు.

లెవిట్ మిషను మొదట పట్టుకున్నది ఈ కార్డులనే. ఎందుకో కార్డు చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. అన్నీ ఒకే కొలత, ఒకే మందం, గట్టి అట్ట. కవర్లు అలా కాదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాంట్లో నాలుగు కాగితాలు కుక్కుంటారు, ఇంకొకటి ముడతలు పడి ఉంటుంది. అలాంటివి ఒకదాని వెనక ఒకటి వరసగా లోపలికి లాక్కోవడం మిషనుకు పెద్ద పరీక్ష. ముద్ర వేయడం సులువే, విడివిడిగా తీసుకోవడమే కష్టం. ఇంట్లో ప్రింటరు రెండు కాగితాలు కలిపి లాగేసినప్పుడల్లా నాకు లెవిట్ గుర్తొస్తాడు.

మా ఆఫీసు డౌన్‌టౌన్‌లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం డబ్బా పట్టుకుని పోస్టాఫీస్ స్క్వేర్ పార్కుకి వెళ్ళి తినేదాన్ని. అప్పటి పెద్ద పోస్టాఫీసు ఉన్నది పార్కు ఎదురుగానే. 1872 నవంబరులో బోస్టన్ వ్యాపార కేంద్రం తగలబడిపోయినప్పుడు ఆ భవనం ఇంకా కడుతున్నారు. దాని రాతి గోడల దగ్గరికి వచ్చి మంట ఆగిందంటారు, రాళ్ళు మాత్రం పగుళ్ళిచ్చాయట. ఇప్పుడది లేదు. దాన్ని పడగొట్టి అదే స్థలంలో 1930ల మొదట్లో కట్టిన మెకార్మాక్ భవనం ఉంది. అక్కడ కూర్చుని పెరుగన్నం తినేవాళ్ళలో లెవిట్ సోదరుల గురించి ఆలోచించేది నేనొక్కదాన్నే అనుకుంటా.

ఇక గుర్తుపట్టడం సంగతి. నాకు నేర్పింది పుస్తకాలు కొంత, మా నాన్న కొంత. నాన్న విజయవాడ ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, వై డివిజన్‌లో, సార్టరుగా చేసి రిటైరయ్యారు. రైల్లో తపాలా బోగీలో నిలబడి ఉత్తరాలు విడదీసిన మనిషి. అమెరికా పోస్టు గురించి ఆయనకేం తెలుసులే అనుకుంటూనే ఒకసారి వీడియో కాల్‌లో రెండు కార్డులు చూపించాను, ఏది చేత్తో కొట్టిందో చెప్పమని. కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"ఎడమ చేతిలోది చేత్తో కొట్టింది అమ్మడూ. రెండోది కాదు."

"ఎలా తెలిసింది నాన్నా?"

"చేత్తో కొట్టేవాడు మొదట్లో నల్లగా కొడతాడు, చేయి నొచ్చాక ఓ పక్కే పడుతుంది. నీ ఎడమ చేతిలోదానికి కింది సగం లేదు చూడు. వాడికి డ్యూటీ అయిపోవచ్చింది. రెండోదానికి అలుపు లేదు."

ఇంతకంటే బాగా ఏ కేటలాగూ చెప్పలేదు. చేతి ముద్ర వంకరగా పడుతుంది, ఒక్కో కార్డు మీద ఒక్కో కోణం. మిషను ముద్ర కార్డు పై అంచుకు సమాంతరంగా ఉంటుంది. పై నుంచి ఎంత దూరంలో పడిందో కొలిస్తే అదే మిషను మీద వచ్చిన ఇంకో కార్డుకీ దాదాపు అంతే వస్తుంది. గుండ్రానికీ గీతలకీ మధ్య ఖాళీ మారదు. సిరా సమంగా ఉంటుంది. ఎక్కడైనా అలికినట్టు కనిపిస్తే అది కార్డు పరిగెత్తిన దిక్కులోనే అడ్డంగా అలుక్కుంటుంది. చేతి ముద్ర అలా అలకదు, ఎటు పడితే అటు చెదురుతుంది.

తర్వాత గీతల లెక్క. ఎన్ని గీతలు, ఒక్కోటి ఎంత పొడవు, చివరలు కోసినట్టున్నాయా గుండ్రంగా ఉన్నాయా, గుండ్రం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు, అక్షరాల మధ్య దూరం ఎంత. లెవిట్ మిషన్లు 1876 నుంచి 1890ల మొదటి దాకా మారుతూ వచ్చాయి. మార్చిన ప్రతిసారీ గీతల రూపం కూడా కొంచెం మారింది. ఒక అచ్చులో ఒక గీతకు చిన్న గంటు పడిందంటే ఆ గంటుతో వచ్చిన కార్డులన్నీ ఒక కుటుంబం. నేను 600 డీపీఐలో స్కాన్ చేసి, స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను. మా అబ్బాయి హోమ్‌వర్క్ ప్రింట్ తీసుకోవాలన్నా నా కార్డు స్కాన్ అయ్యేదాకా ఆగాల్సిందే. ఇంట్లో ఉన్నది ఒకటే యంత్రం.

ఇంతా చేసి చూస్తే ముద్రలో ఏడాది ఉండదు. 1870లు, 80లలో చాలా ముద్రల్లో నెల, తేదీ, గంట, అంతే. ఏ గంటకు పడిందో ఉంటుంది గానీ ఏ ఏడాదో ఉండదు! ఆనాటి గుమాస్తాకి దాని అవసరం లేదు. ఉత్తరం రేపటికల్లా చేరిపోతుంది, ఈ ఏడాది ఏదో అందరికీ తెలుసు. నూటయాభై ఏళ్ళ తర్వాత ఒక తెలుగావిడ టెన్షన్ పడుతుందని వాళ్ళు ఊహించలేదు.

నా దగ్గరున్న ఒక కార్డు గురించి కొంచెం వివరంగా చెప్తాను. 1875లో వచ్చిన రకం, లేత పసుపు అట్ట మీద నల్ల అచ్చు, కుడి మూలలో లిబర్టీ తల. చిరునామా ఈ వైపు రాయండి, విషయం అవతలి వైపు రాయండి అని కార్డు మీదే అచ్చేసి ఉంటుంది. పోస్టుకార్డు అప్పటికింకా కొత్త, జనానికి నేర్పాల్సి వచ్చేది. బోస్టన్ ముద్ర, మార్చి 13. లిబర్టీ ముఖం మీదుగా గీతలు తిన్నగా, చాలా శుభ్రంగా పోయాయి. లెవిట్ అని చూడగానే తెలిసిపోతోంది. ఏదైనా ఒక్క డాలరే అని పెట్టే డాలరు డబ్బాలో అడుగున, ఈస్టర్ గ్రీటింగ్ కార్డుల మధ్య ఉంది. అమ్మే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి "లిబర్టీ మొహం పాడైపోయింది, అర డాలరివ్వు" అన్నాడు. పాడుచేసిన ఆ గీతల కోసమే కొంటున్నానని నేనేమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి వెనక్కి తిప్పాను. బోస్టన్‌లోని తోళ్ళ వ్యాపారి ఒకాయన లిన్ ఊళ్ళోని బూట్ల తయారీదారుకి రాసిన నాలుగు వాక్యాలు. లిన్ ఇక్కడికి పది మైళ్ళు, అప్పట్లో ఊరు ఊరంతా బూట్లు కుట్టేది. మీరడిగిన అడుగు తోలు శుక్రవారం రైలుకు వేస్తున్నాం, ధర మాత్రం ముందు చెప్పినట్టు కుదరదు. పైన తేదీ. అందులో ఏడాది చివరి అంకె 6 లాగా ఉంది, 8 లాగా కూడా ఉంది. కలం సిరా ఆ ఒక్క చోటే ముద్దయింది. 6 అయితే 1876, అంటే మిషను పెట్టిన మొదటి ఏడాది. చేతులు చల్లబడ్డాయి.

నాన్నకి ఫొటో పంపాను. "వారం రాశాడా?" అని అడిగారు. రాశాడు, తేదీ ముందు పొట్టిగా బుధవారం అని ఉంది. "ఇంకేం, అంకె రెండు రకాలుగా కనిపించొచ్చు గానీ వారం అలా కనిపించదుగా" అన్నారు. లెక్క కట్టాను. 1876లో మార్చి 13 సోమవారం. 1878లో బుధవారం. కాబట్టి 78. మొదటి ఏడాది కార్డు కాదు. అయినా అది నా సేకరణలో నాకు బాగా ఇష్టమైన కార్డుల్లో ఒకటి, ఎందుకంటే దాని ఏడాది నాకు రూఢిగా తెలుసు. ఏడాది తెలియని అందమైన ముద్రకంటే ఏడాది తేలిన మసక ముద్ర నాకు ఎక్కువ. ముద్ర ఒక్కటే ఉంటే ఆ 78 ఎన్నటికీ తేలేది కాదు. తేల్చింది తోళ్ళ వ్యాపారి రాసిన ఆ బుధవారం.

అందుకే కత్తెర పట్టుకున్నవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇక్కడి సేకరణదారుల్లో ఒక పాత అలవాటుంది. ముద్ర, స్టాంపు ఉన్న మూలను మాత్రం రెండంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పున కత్తిరించి మిగతాది పారేయడం. టూ బై ఫోర్ అంటారు. చోటు కలిసొస్తుంది, వెయ్యి ముద్రలు ఒక చెప్పుల డబ్బాలో పట్టేస్తాయి. ముద్ర ఆకారం మాత్రమే చాలనుకునేవాళ్ళకి సరిపోతుందేమో. పోయేదేంటో చూడండి. చిరునామా పోయింది, రాసిన విషయం పోయింది, కవరైతే వెనక చేరిన ఊరి ముద్ర కూడా పోయింది. అమెరికాలో 1913 దాకా మామూలు ఉత్తరాల వెనక కూడా చేరిన పోస్టాఫీసు ముద్ర కొట్టేవారు. చాలాసార్లు ముందువైపు ఏడాది లేకపోయినా వెనకవైపు ఉంటుంది. ఒకసారి ఆన్‌లైన్‌లో బోస్టన్, న్యూయార్క్ ముద్రల లాట్ ఒకటి చూసి ఆశపడి కొన్నాను. ఫొటోలో కవర్ల మూలలు మాత్రమే కనిపించేలా పేర్చారు. పెట్టె విప్పితే అన్నీ ముక్కలే. అమ్మినాయనకి మెయిల్ పెడితే "ఫొటోలో ఉన్నదే పంపాం కదా" అన్నాడు. నిజమే, పంపాడు.

స్టాంపు ప్రియులు చేసే పని ఇంకా ఘోరం. నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీసి ఆల్బంలో అంటిస్తారు. ఈ మిషన్లలో గుండ్రం ఎడమ పక్క కాగితం మీద పడుతుంది, గీతలు కుడి పక్క స్టాంపు మీద పడతాయి. ఊడదీశాక స్టాంపుతో గీతలు మాత్రం వస్తాయి. ఊరు, తేదీ, గంట ఉన్న ముక్క సింకులోకి పోతుంది. చిన్నప్పుడు మేమూ ఇదే చేశాం లెండి, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, మేడ మీద ఆరబెట్టి. అప్పుడు మా దగ్గరున్నవన్నీ అశోక స్తంభాలే కాబట్టి ప్రపంచానికి పెద్ద నష్టం జరగలేదు.

లెవిట్ తర్వాత కథ వేగం అందుకుంది. 1884 నుంచి బోస్టన్‌లోనే అమెరికన్ పోస్టల్ మెషీన్స్ కంపెనీ, ఆ తర్వాత న్యూయార్క్ వైపు ఇంటర్నేషనల్ పోస్టల్ సప్లై కంపెనీ, ఇంకా బ్యారీ, డోరెమస్ అని బోలెడు పేర్లు. తపాలా శాఖ మిషన్లను సొంతంగా కొనకుండా ఎక్కువగా అద్దెకు తీసుకునేది. దాంతో ఆఫీసు ఆఫీసుకీ పోటీ. ఒక ఊళ్ళో ఒక కంపెనీ మిషను కొన్నాళ్ళు పెట్టి చూసి తీసేసేవారు. ఆ కొన్నాళ్ళలో పడిన ముద్రలే ఇప్పుడు అరుదైనవి. కంపెనీ బాగా నడిస్తే ముద్రలు లక్షల్లో దొరుకుతాయి, నడవకపోతే చేతి వేళ్ళకు మించవు. ఈ సేకరణలో ఓడిపోయిన మిషన్లకే గిరాకీ.

1894లో అమెరికన్ కంపెనీ వాళ్ళు బోస్టన్‌లో గీతల బదులు రెపరెపలాడే జెండా వేయడం మొదలుపెట్టారు. జెండా చారలే గీతల పని చేస్తాయి. మంచి ఆలోచన, జనానికి తెగ నచ్చింది. దేశమంతా పాకింది. 1901లో బఫెలోలో పాన్ అమెరికన్ ఎక్స్‌పోజిషన్ జరిగితే ఆ ప్రచారం కూడా జెండాలోనే అచ్చేశారు. ఇప్పుడు జెండా ముద్రలు పోగేసేవాళ్ళే వేరే ఉన్నారు, వాళ్ళ కేటలాగులు వేరే. నాకెందుకో జెండాలంటే పెద్దగా పట్టదు. చూడ్డానికి బాగుంటాయి, అంతే. అప్పటికి మిషను కుదురుకుంది, ముస్తాబు మొదలైంది. నాకు ఇంకా కుదురుకోని మిషన్లు కావాలి.

అవి చేసిన తప్పులు మరీ ఇష్టం. రెండు కవర్లు అంటుకుని ఒకేసారి లోపలికి పోతే ముద్ర సగం దీని మీద, సగం దాని మీద పడుతుంది. లేదా పైదానికి మొత్తం పడి కిందది తెల్లగా బయటికొస్తుంది. కొన్నిసార్లు ఉత్తరం రాకముందే అచ్చు తిరిగేస్తుంది. అప్పుడు సిరా వెనకున్న రోలరుకు అంటుకుంటుంది. తర్వాత వచ్చే ఉత్తరానికి ముందు మామూలు ముద్ర, వెనక రోలరు నుంచి అద్దంలో చూసినట్టు తిరగబడ్డ ముద్ర. ఇలాంటి కవరు ఒకటి నా దగ్గరుంది. దాన్ని అమ్మినావిడ వెనకవైపు మరకుందని ధర తగ్గించింది. ఫోన్ కెమెరాలో తీసి ఫొటోను తిప్పితే ఆ మరకలో ఊరి పేరు చక్కగా చదవొచ్చు. తేదీ తిప్పే గుమాస్తా నిద్రమత్తులో అంకెను తలకిందులుగా బిగించినవీ ఉన్నాయి.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతారు. మిగతా పిచ్చిలతో పోలిస్తే ఇది చవకే. 1893లో కొలంబస్ పేరుతో వచ్చిన రెండు సెంట్ల ఊదారంగు స్టాంపు 140 కోట్లకు పైగా అచ్చయింది. అది అంటించిన కవర్లను డీలర్లు కట్టలు కట్టి డాలరు డబ్బాల్లో పడేస్తారు. అందరి కళ్ళూ స్టాంపు మీదే కాబట్టి ముద్ర చూసేవాళ్ళకి అక్కడ మంచి వేట. కావాల్సినవి భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, మంచి పారదర్శక కవర్లు, ఓపిక. చూసి నేర్చుకోవాలంటే మాకు దగ్గర్లో వెస్టన్‌లో స్పెల్‌మన్ మ్యూజియం ఉంది, తపాలా చరిత్రకే కట్టింది. వాషింగ్టన్ వెళ్ళినవాళ్ళు యూనియన్ స్టేషన్ పక్కనే ఉన్న స్మిత్‌సోనియన్ వాళ్ళ పోస్టల్ మ్యూజియం చూడండి. పిల్లలు విమానాలున్న మ్యూజియంకే లాగుతారు, ముందే మాట తీసుకోండి.

మన దగ్గర కూడా పెద్ద ఊళ్ళ తపాలాలో అలల గీతలతో వచ్చిన ముద్రలున్నాయి. తాతగారి పెట్టెలో ఉత్తరాల కట్ట ఉంటే ఒకసారి విప్పి చూడండి. నాన్న ఈమధ్య ఆ పని మీదే ఉన్నారు. బెజవాడలో బంధువుల ఇళ్ళకెళ్ళి, కాఫీ తాగి, అటక మీద ఏమున్నాయని ఆరా తీస్తున్నారు. పెళ్ళి శుభలేఖల కవర్లు, మనియార్డరు కూపన్లు, జవాబు కార్డులు, ఏదైనా ఫర్లేదు. స్టాంపు ఊడదీయకండి, మూల కత్తిరించకండి, టేపు అసలే వేయకండి. ఫొటో పంపేటట్టయితే రెండు వైపులా తీసి పంపండి. ముందువైపు ఒక్కటే పంపితే వెనకవైపు ఎక్కడ అని వెంటపడి అడుగుతాను, ముందే చెప్తున్నా.